కాలు మానింది, మనసు మానిందా?

ప్రతి నెలా ఈ శీర్షికలో కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఏదో ఒకటి చెప్పుకొంటున్నాము. ఈ నెల మాత్రం ముందు మా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకొని, ఆ తరువాత సంగతిలోనికి వస్తాము.

మా గవర్నర్‌పేట సంఘములో ఒక అమ్మాయి ఉన్నది. పేరు వ్రాయము. తండ్రి బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. ఆ అమ్మాయి ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో కబడ్డీ బాగా ఆడేది. కూతకు వెళ్ళిందంటే ఎదుటివారిలో ఒకరినైనా తాకి గాని వెనక్కు వచ్చేది కాదు. స్పోర్ట్స్ కోటాలో మంచి కాలేజీలో సీటు వస్తుందని తండ్రి ఆశ.

ఒక పోటీలో ఎదుటి జట్టువారు పట్టుకోబోతుంటే తప్పించుకోవాలని ఒక్కసారిగా పక్కకు తిరిగింది. ఒళ్ళు తిరిగింది గాని పాదం తిరగలేదు. మోకాలిలో ‘టప్’మని శబ్దం వచ్చింది. తొడ ఎముకను, కాలి ఎముకను లోపల పట్టి ఉంచే లిగమెంటు తెగిపోయింది. ఆపరేషన్ జరిగింది. తొమ్మిది నెలలు వ్యాయామాలు చేయించారు. చివరకు డాక్టరు గారు చూసి, కాలు బాగున్నది, ఇక మెల్లగా ఆట మొదలు పెట్టవచ్చునన్నారు.

ఆ తరువాతి ఆదివారము మేము ఆ అమ్మాయిని ముందుకు పిలిచి సాక్ష్యము చెప్పించాము. అంతటితో ఊరుకోలేదు. “ఇప్పుడు భయము లేదు కదమ్మా?” అని అందరి ముందు అడిగాము. “లేదండి” అన్నది. సంఘమంతా చప్పట్లు కొట్టారు. మేమూ సంతోషించాము.

మరి రెండు వారాలకు సెలక్షన్లు వచ్చాయి. మొదటిసారి కూతకు వెళ్ళి బాక్ లైను దాటకుండానే తిరిగి వచ్చింది. కబడ్డీలో అది అవుటే. రెండవసారీ అంతే. మూడవసారి ఇంకొకరిని పంపించారు. ఇంటికి వచ్చాక తండ్రి కేకలు వేశాడు. “కాలు బాగయిందని డాక్టరు చెప్పాడు. అయ్యగారి ఎదుట నువ్వే చెప్పావు. ఇంకేమి వచ్చింది నీకు?” అని అడిగాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, వంటింట్లో అమ్మగారి పక్కన కూర్చుని ఏడ్చింది. తరువాత మాతో ఇట్లు చెప్పింది.

“నొప్పి లేదు అయ్యగారూ. ఆ కాలు ముందుకు పెట్టబోతే టప్‌మన్న ఆ శబ్దమే మళ్ళీ వినపడుతున్నది. కాలు ఆగిపోతున్నది.”

“మరి ఆ రోజు భయము లేదన్నావు కదమ్మా?”

“అంతమంది ముందు అడిగితే ఏమి చెప్పనండి?”

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. అడగటం తప్పు కాదు. అడిగిన చోటు తప్పు, అడిగిన తీరు తప్పు. ‘లేదు’ అని తప్ప మరో జవాబు చెప్పటానికి వీలులేకుండా అడిగాము. పైగా ఆ చప్పట్ల తరువాత ఆ పిల్ల తన భయాన్ని ఇంట్లో కూడా ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది.

అప్పటి నుండి ఈ విషయమై తెలిసినవారిని అడిగి, చదివి కొంత నేర్చుకొన్నాము. దెబ్బ తగిలిన ఆటగాడి మనసు మరల ఆటకు సిద్ధపడినదో లేదో తెలుసుకోవటానికి కొలతలు ఉన్నాయని అప్పుడే మాకు తెలిసింది. జ్వరాన్ని థర్మామీటరుతో చూస్తాము, రక్తపోటును యంత్రంతో చూస్తాము. భయాన్ని దేనితో చూస్తాము? ప్రశ్నలతోనే చూడాలి. అయితే ఆ ప్రశ్నలకు ఒక పద్ధతి ఉన్నది.

ఆస్ట్రేలియాలో కేట్ వెబ్‌స్టర్ అనే పరిశోధకురాలు, జూలియన్ ఫెల్లర్ అనే ఎముకల వైద్యుడు, మరొకరు కలిసి 2008లో 12 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచురించారు. దానిని ఏసీఎల్-ఆర్ఎస్ఐ అంటారు. మా సంఘపు అమ్మాయికి తెగిన ఆ లిగమెంటు గాయం కోసమే దానిని తయారు చేశారు. అందులోని ప్రశ్నలు మూడు సంగతులను చూస్తాయి. ఆట తలచుకొంటే మనసులో ఏమి కలుగుతున్నది, మునుపటిలా ఆడగలనన్న నమ్మకం ఎంత ఉన్నది, మళ్ళీ దెబ్బ తగులుతుందన్న అనుమానం ఎంత ఉన్నది. జవాబులన్నీ కలిపి 0 నుండి 100 వరకు ఒక లెక్క వస్తుంది. లెక్క పెరిగినకొద్దీ మనసు సిద్ధపడినట్లు.

అమెరికాలో డగ్లస్ గ్లేజర్ అనే ఆయన 2009లో ఇంకా చిన్నది, ఏ గాయానికైనా పనికివచ్చేది ప్రచురించారు. దాని పేరు ఐ-పీఆర్ఆర్ఎస్. ఆరే ప్రశ్నలు. ఒక్కొక్క దానికి 0 నుండి 100 వరకు పదుల లెక్కన అంకె వేయాలి. ఆరింటిని కూడి పదితో భాగిస్తే అత్యధికం 60 వస్తుంది. 60 దగ్గర ఉంటే నమ్మకం నిండుగా ఉన్నట్లు, 40 దగ్గర ఉంటే మధ్యస్థం, 20 దగ్గర ఉంటే బాగా తక్కువ. వీటికంటే ముందు 1990ల నాటికే టంపా కొలత అని 17 వాక్యాల పట్టిక ఒకటి ఉన్నది. అది మొదట నడుము నొప్పివారి కోసం వచ్చింది. కదిలితే ఏమవుతుందో అన్న భయాన్ని 17 నుండి 68 వరకు లెక్కవేస్తుంది. అందులో మాత్రం అంకె పెరిగితే భయం పెరిగినట్లు.

“భయానికి అంకెలేమిటి అయ్యగారూ?” అని మీరు అడుగవచ్చు. మాకూ మొదట అట్లే అనిపించింది. కాని ఒక సంగతి చూడండి. “భయమా?” అని అడిగితే పిల్లలకు రెండే జవాబులు ఉంటాయి. ఔనంటే పిరికివారు, కాదంటే ధైర్యవంతులు. “నూటికి ఎంత?” అని అడిగితే మధ్యలో నిలబడటానికి చోటు దొరుకుతుంది. “నలభై” అని చెప్పటంలో సిగ్గు లేదు. వచ్చే నెల అది యాభై అయితే సంతోషమూ ఉన్నది.

ఈ భయం ఉత్త మనసు సంగతి అనుకొని తీసివేయటానికి వీలు లేదు. భయపడుతున్న మనిషి కండరాలు బిగుసుకొంటాయి, చూపు ఆట మీద గాక తన కాలి మీదనే ఉంటుంది, బరువంతా మంచి కాలి మీద వేస్తాడు. మళ్ళీ దెబ్బ తగలటానికి అవే దారులు. ఆస్ట్రేలియా బృందమువారే 2019లో ఒక సంగతి ప్రచురించారు. 20 ఏళ్ళు, అంతకు తక్కువ వయసు గలవారిలో రెండవసారి లిగమెంటు తెగినవారికి, ఆపరేషన్ జరిగిన 12 నెలల నాటి మనసు లెక్క మిగతావారికంటే తక్కువగా ఉన్నట్లు కనుగొన్నారు. మన ఇంటిలో ఆడే పిల్లలు ఆ వయసువారే గదా!

మరొక లెక్క కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ఈ లిగమెంటు ఆపరేషన్ చేయించుకొన్న 7,556 మంది వివరాలను ఒకచోట చేర్చిన పరిశీలన 2014లో వచ్చింది. నూటికి 81 మంది ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్ళారు. మునుపటి స్థాయికి చేరినవారు 65 మంది. పోటీ ఆటలకు వెళ్ళినవారు 55 మంది మాత్రమే. కాబట్టి “అందరూ ఆడుతుంటే నీకేమి?” అని పిల్లలను అనకండి. అందరూ ఆడటం లేదు.

మన తెలుగువారిలోనే చూద్దాము. పుల్లెల గోపీచంద్ గారు 1994లో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ పడిపోయారు. మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు జరిగాయి. ఆయన 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొణె గారి తరువాత ఆ గెలుపు మన దేశానికి మరల అప్పుడే దక్కింది. ఈ కథను మనము మన పిల్లలకు ఎట్లా చెపుతాము? “పడ్డాడు, లేచాడు, గెలిచాడు” అని మూడు ముక్కల్లో చెప్పేస్తాము. పడటానికీ ఆ గెలుపుకూ మధ్య ఏడేళ్ళు ఉన్నాయి. ఆ ఏడేళ్ళను మింగేసి, మన పిల్ల తొమ్మిదవ నెలలోనే గెలవాలంటాము.

ఆయన దగ్గర శిక్షణ పొందిన ఇద్దరినీ చూడండి. సైనా నెహ్వాల్ 2016లో రియో ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతో ఆడి ఓడిపోయింది. ఆగస్టులో ఆపరేషన్ అయింది. నవంబరులో చైనాలో మరల బరిలో దిగి మొదటి రౌండులోనే ఓడింది. అయినా 2017 జనవరిలో మలేషియా మాస్టర్స్ గెలిచింది. పి.వి. సింధు 2022 ఆగస్టులో కామన్‌వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన నాటికే ఎడమ కాలి చీలమండకు దెబ్బ ఉన్నది. ఎముకలో సన్నని చీలిక వచ్చిందని తేలింది. ఆ ఏడు ప్రపంచ పోటీలకు వెళ్ళలేదు. 2023 జనవరిలో మలేషియాలో తిరిగి ఆడిన మొదటి ఆటలోనే స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడింది. అంత గొప్పవారు కూడా తిరిగి వచ్చిన మొదటి పోటీలో మొదటి రౌండు దాటలేదు. వారి మనసులో ఏమున్నదో మనము చెప్పలేము గాని, ఇది మాత్రం చెప్పవచ్చు. తిరిగి ఆడటం వేరు, తిరిగి మునుపటి మనిషి కావటం వేరు.

వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఇదే అన్నారు. 2016లో వచ్చిన ఒక ఉమ్మడి ప్రకటనలో ఆటకు తిరిగి రావటాన్ని మూడు మెట్లుగా చెప్పారు. మొదటిది, ఏదో ఒక మేరకు కదలటం, సాధన చేయటం. రెండవది, తన ఆట తాను ఆడటం. మూడవది, మునుపటి సామర్థ్యానికి రావటం. మేమేమో మా అమ్మాయిని మొదటి మెట్టు మీద నుండి ఒక్క సాక్ష్యముతో మూడవ మెట్టు ఎక్కించేశాము.

ఇక ఆ అమ్మాయి సంగతి చెపుతాము. మేమూ, అమ్మగారూ కలిసి ఆ పిల్లను ఒక ఫిజియోథెరపిస్టు వద్దకు తీసుకొని వెళ్ళాము. తండ్రిని కూడా రమ్మన్నాము గాని, ప్రశ్నలు అడిగేటప్పుడు ఆయనను, మమ్మును బయట కూర్చోబెట్టారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటే ఆమె తెలుగులో విడమరచి అడిగారు. “ఇవి పరీక్ష మార్కులు కావమ్మా. తక్కువ వేస్తే నేనేమీ అనను, ఎక్కువ వేస్తే మెచ్చుకోను” అని ముందే చెప్పారు. నొప్పి లేకుండా ఆడగలనన్న దానికి 60 వేసింది. తన నేర్పు మీద నమ్మకానికి 60 వేసింది. మొత్తం మీద ఆడగలనన్న ధైర్యానికి 30, ఆ కాలు ఆటకు తట్టుకొంటుందన్న దానికి 30, శక్తి అంతా పెట్టి ఆడగలనన్న దానికి 20. ఆడేటప్పుడు ఆ దెబ్బ గుర్తుకు రాకుండా ఉంటుందా అంటే 10. మొత్తం 210, అనగా 60కి 21.

తండ్రికి ఆ కాగితం చూపించారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “నేర్పుకు అరవై వేసింది. ఆట రాదని కాదు” అని చివరకు అన్నాడు. ఏ తాళం పడిపోయిందో ఆయనకు ఆ కాగితంలోనే కనిపించింది.

అక్కడి నుండి మెట్లు కట్టారు. మొదట ఎవరూ లేకుండా ఒక్కతే గీతల మధ్య కూత పెట్టటం. తరువాత చెల్లెలు ఎదురుగా నిలబడితే తాకి రావటం. తరువాత జట్టుతో, అయితే ఎవరూ పట్టుకోకూడదు. తరువాత ఒక్కరే పట్టుకోవాలి, అదీ ముందుగా చెప్పి. చివరకు పూర్తి ఆట. ప్రతి మెట్టు దగ్గర అవే ఆరు ప్రశ్నలు. ఒకసారి అంకె తగ్గింది కూడా. ఆ వారం ఒక మెట్టు దిగి మరల ఎక్కారు. నాలుగు నెలలకు 46 వచ్చింది.

ఆ ఏడు సెలక్షన్లు పోయాయి. స్పోర్ట్స్ కోటా సీటు రాలేదు. దానిని మేము దాచము. తండ్రికి ఆ బాధ ఇంకా ఉన్నది. అయితే మరుసటి ఏడు డిగ్రీ కాలేజీ జట్టులో ఆడింది. ఆ రోజు మేమూ వెళ్ళి చూశాము. మొదటి కూతలో ఎవరినీ తాకలేదు, ఉత్తచేతులతోనే తిరిగి వచ్చింది. కాని బాక్ లైను దాటింది. దాటినది ఆ కాలితోనే. అక్కడ చప్పట్లు కొట్టినవారెవరూ లేరు. తండ్రి మాత్రం జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకొన్నాడు.

మీ ఇంట దెబ్బ తగిలిన బిడ్డ ఉంటే మేము నేర్చుకొన్నవి కొన్ని చెపుతాము.

ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. కోచ్ ఎదుట, స్నేహితుల ఎదుట, చుట్టాల ఎదుట అడగవద్దు. సంఘము ఎదుట అసలే వద్దు. జట్టులో చోటు పోతుందని భయపడే పిల్లలు అంకెలు ఎక్కువ చేసి చెపుతారు. మీ కోపానికి భయపడే పిల్లలు కూడా అట్లే చెపుతారు.

ఒక్కసారి అడిగి వదిలేయకండి. రెండు మూడు వారాలకొకసారి అవే ప్రశ్నలు అడిగి కాగితం మీద వ్రాసి ఉంచండి. ఒక్క అంకె వలన పెద్దగా తెలియదు. అంకెలు పైకి పోతున్నాయా, కిందికి వస్తున్నాయా, ఉన్నచోటనే ఉన్నాయా అన్నదే తెలుసుకోవాలి.

తక్కువ అంకె పిరికితనానికి గుర్తు కాదు. ఎక్కువ అంకె ఆటకు అనుమతి చీటీ కాదు. ఎంత ధైర్యమున్నా, కాలి బలం రెండవ కాలికి దగ్గరగా వచ్చినదో లేదో, గెంతినప్పుడు నిలబడగలుగుతున్నదో లేదో వైద్యులు చూసి చెప్పాలి. మనసు సిద్ధపడి కాలు సిద్ధపడకపోయినా ప్రమాదమే. ఇంత అంకె వస్తే చాలునని వైద్యులంతా ఒప్పుకొన్న గీత కూడా ఏదీ లేదు. ఈ కొలతలు మాట మొదలు పెట్టటానికి ఉపకరిస్తాయి గాని తీర్పు చెప్పటానికి కాదు.

నిద్ర పట్టకపోవటం, అన్నం సరిగా తినకపోవటం, పడిన దృశ్యమే మరల మరల కళ్ళ ముందుకు రావటం, ఎవరితోనూ కలవకపోవటం వారాల తరబడి ఉంటే మానసిక వైద్యులకు చూపించండి. కాలికి డాక్టరు వద్దకు వెళ్ళినప్పుడు లేని సిగ్గు దీనికి ఎందుకు?

చివరిగా, ఇక ఆడనని బిడ్డ చెపితే ఆ మాటను కూడా వినండి. అదీ ఒక జవాబే. అది ఓటమి అని ముందుగా అనుకొనేది మనమే.

మార్కు సువార్త 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి మీరందరూ చదివినదే. ప్రభువు అతనిని జనము మధ్య ఉంచలేదు, చెయ్యి పట్టుకొని ఊరి బయటకు తీసుకొని వెళ్ళారు. తాకిన తరువాత, ఏమైనా కనిపిస్తున్నదా అని అడిగారు. అతడు సగమే కనిపిస్తున్నదని ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. అతనిని గద్దించలేదు. మరల ఒకసారి తాకారు. ఎన్నిసార్లు ప్రసంగించినా ఆ మధ్యలోని ప్రశ్నను మేము గమనించలేదు. మా సంఘపు ఆడపిల్ల ఒకతె మా వంటింట్లో కూర్చుని నేర్పించింది.

ఇప్పుడు మా ఆరాధనలో స్వస్థతను గూర్చి సాక్ష్యము చెప్పదలచినవారు తమంతట తాము వస్తేనే పిలుస్తున్నాము. భయము లేదు కదా అని ఎవరినీ అడగటం లేదు. ఇంటికి వెళ్ళి, మెల్లగా, “ఇప్పుడెంత వరకు వచ్చింది?” అని అడుగుతున్నాము. మీరూ ఈ రాత్రి భోజనమయ్యాక మీ బిడ్డ పక్కన కూర్చుని అట్లే అడిగి చూడండి. జవాబు ఎంత చిన్న అంకె అయినా, చెప్పినందుకు సంతోషించండి.